జపనీయుల పళ్లెంలో పాతదెంత, కొత్తదెంత?

2025 మే నెలలో జపాన్ వ్యవసాయ మంత్రి తాకు ఎతో పదవి వదులుకోవలసి వచ్చింది. తానెప్పుడూ బియ్యం కొనలేదనీ, మద్దతుదారులు ఇచ్చే బియ్యమే ఇంట్లో కావలసినంత ఉంటుందనీ ఆయన ఒక సభలో అన్నారు. సరిగ్గా అప్పుడే అక్కడి సూపర్‌మార్కెట్లలో 5 కిలోల బియ్యం సంచి ధర ఏడాది కిందటి ధరకు రెట్టింపై 4,200 యెన్‌లు దాటింది. అత్యవసర నిల్వల్లోంచి ప్రభుత్వం బియ్యం తీసి అమ్ముతున్న రోజులవి. జనాగ్రహానికి మంత్రి మూడు రోజులు కూడా నిలవలేకపోయారు. అయితే ఇదే దేశంలో సగటు మనిషి తినే బియ్యం అరవై ఏళ్లలో సగానికి పైగా తగ్గిపోయింది. 1962లో తలకు ఏడాదికి 118 కిలోలు తిన్నవారు ఇప్పుడు 51 కిలోల దగ్గర ఉన్నారు. రొట్టె, నూడుల్స్, మాంసం ఇంత పెరిగాక కూడా అన్నం మీద ఇంత పట్టింపు ఎందుకున్నట్టు?

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. జపనీయులు సంప్రదాయ భోజనం వల్లే దీర్ఘకాలం బతుకుతున్నారనీ, పాశ్చాత్య తిండి ఆ ఆయుష్షును తినేస్తోందనీ మన పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ వీడియోల్లోనూ తరచుగా వింటాం. ఆ సంప్రదాయం ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఏ వర్గానిది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఆ ప్రశ్న వేసి చరిత్రనూ లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదంతా మంచిదనీ కొత్తదంతా చెడ్డదనీ చెప్పడం సాధ్యం కాదు. దానికి విరుద్ధంగా చెప్పడమూ సాధ్యం కాదు.

సంప్రదాయ భోజనం అనేది దేన్ని?

జపాన్ సంప్రదాయ ఆహార పద్ధతిని వాషోకు అంటారు. 2013 డిసెంబరులో యునెస్కో దీన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. యునెస్కో గుర్తించినది ఫలానా వంటకాన్ని కాదు, కొత్త సంవత్సరపు వేడుకల్లో ప్రత్యేకంగా కనిపించే ఆహార సంస్కృతి మొత్తాన్ని. ఆ గుర్తింపు కోసం జపాన్ ప్రయత్నించడం వెనుక ఒక బెంగ కూడా ఉంది: ఇళ్లలో ఆ వంట సన్నగిల్లుతోంది.

వాషోకుకు వెన్నెముక లాంటి అమరిక ఒక పులుసు, మూడు వంటకాలు. భోజనానికి కూర్చున్న మనిషికి ఎడమచేతి వైపు ముందు అన్నం గిన్నె, కుడివైపు ముందు మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలిపిన పులుసు గిన్నె ఉంటాయి. వాటి వెనుక ఒక ప్రధాన వంటకం, సాధారణంగా కాల్చిన చేపో, సోయా పాలను విరిచి చేసే టోఫూను ఉడికించినదో ఉంటుంది. పక్కన చిన్న పళ్లేల్లో రెండు కూరలు, ఊరబెట్టిన ముల్లంగి లేదా దోస ముక్కలు. అన్నంలో ఏదీ కలపరు. ఒక ముద్ద అన్నం, ఒక ముక్క చేప, ఒక గుటక పులుసు, మళ్లీ అన్నం, ఇలా మార్చి మార్చి తింటారు. చప్పిడి అన్నానికి నోట్లోనే ఉప్పూ రుచీ అందుతాయి.

బయటి ప్రపంచానికి జపాన్ వంటలుగా పరిచయమైనవి చాలావరకు ఈ అమరికలో లేవు. పిండిలో ముంచి నూనెలో వేయించే టెంపురా పద్ధతి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారితో వచ్చింది. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి ఇచ్చే సుషీ 1820ల ప్రాంతంలో ఎదో నగరపు, అంటే నేటి టోక్యో, వీధి బళ్ల మీద ప్రాచుర్యంలోకి వచ్చిన చిరుతిండి. రామెన్ అనే నూడుల్స్ పులుసు చైనా నుంచి వచ్చి 20వ శతాబ్దంలో జపాన్‌దైపోయింది. సుషీలో ఇవాళ అందరూ ఇష్టపడే పచ్చి సాల్మన్‌ను 1980లలో నార్వే ఎగుమతిదారులు పట్టుబట్టి అలవాటు చేశారు.

రుచి ఎక్కడినుంచి వస్తుంది

నూనె, నెయ్యి, మసాలా దాదాపు లేని వంటకు రుచి ఎలా వస్తుందో తెలియాలంటే దాషి అనే పలుచని రసం తయారీని దగ్గరగా చూడాలి. ఉత్తరాన హొక్కైదో సముద్రంలో పెరిగే కొంబు అనే నాచును ఎండబెట్టిన అట్టలాంటి ముక్కను చన్నీళ్లలో నానబెట్టి, సన్నని మంట మీద వేడిచేసి, నీళ్లు మరగబోయే ముందే తీసేస్తారు. మరిగితే జిగురూ చేదూ దిగుతాయి. తరువాత అందులో కత్సువోబుషి రేకులు గుప్పెడు వేస్తారు. కత్సువో అనే ట్యూనా జాతి చేపను ఉడికించి, ఎముకలు తీసి, వారాల తరబడి పొగబెట్టి ఆరబెట్టి, మేలు రకానికైతే బూజు కూడా పట్టించి నెలల తరబడి ఎండబెడతారు. చివరికి అది కర్రముక్కలా గట్టిపడుతుంది. దాన్ని చిత్రిక లాంటి పరికరం మీద గీస్తే గులాబీ రంగు పొరలు రాలుతాయి. ఆ పొరలు నీటిలో మునగగానే వడగట్టేస్తారు. వేడినీళ్లలో పని నిమిషాల్లో ముగుస్తుంది గానీ, దాని వెనుక నెలల శ్రమ ఉంది.

ఆ కొంబు రసంలోని రుచికి కారణం గ్లుటమేట్ అని 1908లో టోక్యో రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా కనిపెట్టి, దానికి ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అది అజినొమోటో పేరుతో పొడిగా అమ్మకానికి వచ్చింది. కత్సువోబుషిలో ఉండే ఇనోసినేట్‌ను 1913లో గుర్తించారు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి విడివిడి రుచుల మొత్తం కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. కేలరీలు దాదాపు లేకుండా తృప్తినిచ్చే ఈ రసమే పాత వంటకు అసలు బలం అని నా అభిప్రాయం. జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో శాకాహారులకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే: పళ్లెంలో చేప ముక్క కనిపించకపోయినా మిసో పులుసులో, ఉడికించిన కూరలో, నూడుల్స్ రసంలో చేప దాషి ఉంటుంది. బౌద్ధ మఠాల వంటలో మాత్రం కొంబు, ఎండు పుట్టగొడుగులతోనే దాషి కాస్తారు.

అన్నం అందరిదీ ఎప్పుడైంది

ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, సామంతుల సంపదను బియ్యంతోనే కొలిచేవారు. కొలమానం కొకు, ఒక కొకు సుమారు 150 కిలోలు, ఒక మనిషి ఏడాది తిండి అని స్థూలమైన లెక్క. రైతు పండించిన వరిలో పెద్ద వాటా పన్నుగా పోయేది. మిగిలిన బియ్యంలో బార్లీ, కొర్రలు, ఊదలు, ముల్లంగి ముక్కలు, చిలగడదుంప కలిపి ఉడికించుకోవడం పల్లెల్లో మామూలు. ప్రాంతాన్ని బట్టి తేడాలు ఎక్కువే. కొండప్రాంతాల్లో ఊదలే ప్రధానం, వరి బాగా పండే మైదానాల్లో పరిస్థితి మెరుగు. పూటపూటా తెల్లన్నం మాత్రం పట్టణవాసుల భాగ్యంగానే ఉండేది. 1950లో ఆర్థిక మంత్రిగా ఉన్న హయాతో ఇకెదా, ఆదాయం తక్కువ ఉన్నవారు బార్లీ ఎక్కువ తినడం ఆర్థిక సూత్రానికి తగినదే అన్నట్టు పార్లమెంటులో మాట్లాడి పెద్ద దుమారం లేపారంటే, ఆ తేడా అప్పటికీ ఎంత సజీవంగా ఉందో ఊహించవచ్చు.

కాబట్టి దేశమంతా తెల్లన్నం తినడం ఆధునిక కాలపు విజయమే. తలసరి వినియోగం శిఖరానికి చేరింది 1962లో, టీవీలూ ఫ్రిజ్‌లూ ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో. ఆ ఏటి 118 కిలోలను రోజుకు లెక్కవేస్తే 323 గ్రాములు. అక్కడ బియ్యం కొలిచే గో అనే చిన్న కొలతలో 150 గ్రాములు పడతాయి, వండితే రెండు గిన్నెల అన్నం అవుతుంది. అంటే పిల్లలనూ ముసలివారినీ కలుపుకుని సగటున రోజుకు నాలుగు గిన్నెలకు పైనే. ఇప్పటి 51 కిలోలంటే రోజుకు 140 గ్రాములు, రెండు గిన్నెలకు కాస్త తక్కువ.

వినియోగం పడిపోతూ ఉండటంతో 1970 నుంచి ప్రభుత్వం వరి సాగును తగ్గించే విధానం అమలు చేసింది. ఆ కేటాయింపులు 2018లో ముగిసినా, గిరాకీకి సరిపోయేంత మాత్రమే పండించే అలవాటు కొనసాగింది. అలాంటి ఏర్పాటులో చిన్న ఒడిదుడుకుకూ చోటుండదు. 2023 వేసవి ఎండలకు పంట నాణ్యత దెబ్బతినడం, పర్యాటకుల రద్దీ, 2024 ఆగస్టులో భారీ భూకంప హెచ్చరిక రాగానే జనం బియ్యం కొని దాచుకోవడం, ఇవన్నీ కలిసి ధరను ఎగదోశాయి. అన్నం తగ్గించుకున్న కుటుంబం కూడా దాన్ని పూర్తిగా మానుకోలేదు. పైగా ఆహార అవసరాల్లో కేలరీల లెక్కన 38 శాతమే స్వదేశంలో పండించుకునే దేశానికి, దాదాపు పూర్తిగా సొంతంగా పండే ప్రధాన పంట వరి ఒక్కటే. మిసో, టోఫూ, సోయా సాస్‌లకు ఆధారమైన సోయా గింజలు కూడా అత్యధికంగా అమెరికా, బ్రెజిల్, కెనడాల నుంచి వస్తున్నాయి. పాత వంటకాలంటే స్వదేశీ వంటకాలని అనుకోవడం ఇక్కడ చెల్లదు.

తెల్లన్నం తెచ్చిన జబ్బు

ఎదో నగరంలో కొందరికి కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగిపోయే జబ్బు వచ్చేది. ఊరికి తిరిగి వెళితే నయమయ్యేది కాబట్టి దానికి ఎదో జబ్బు అనే పేరు పడింది. అది బెరిబెరి. తవుడు పూర్తిగా పోయేలా దంచిన బియ్యంలో బి1 విటమిన్ మిగలదు. పక్కన కూరలు తక్కువైతే శరీరానికి అది వేరే దారిలో అందదు.

ఈ జబ్బు అంతు తేల్చిన కథలో నౌకాదళ వైద్యుడు కనెహిరో తకాకి ముఖ్యుడు. 1882–83లో ర్యూజో అనే శిక్షణ నౌక న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, హవాయి చుట్టి వచ్చేసరికి 376 మంది సిబ్బందిలో 169 మందికి బెరిబెరి సోకింది, 25 మంది చనిపోయారు. 1884లో త్సుకుబా అనే నౌకను అదే దారిన పంపి, బియ్యం తగ్గించి మాంసం, పాలు, రొట్టె, కూరగాయలు పెంచిన భోజనం పెట్టించారు తకాకి. ఒక్కరూ బెరిబెరితో చనిపోలేదు. మాంసకృత్తుల లోపమే కారణమని ఆయన అనుకున్నారు; కారణం తప్పు, మందు సరైనది. సైన్యం మాత్రం సిపాయికి తెల్లన్నం పెట్టడమే గౌరవమని భావించి, జబ్బుకు క్రిమే మూలమని నమ్మి, 1904–05 రష్యా యుద్ధంలో సుమారు 27 వేల మందిని బెరిబెరికి పోగొట్టుకుంది. 1910లో ఉమెతారో సుజుకి తవుడు నుంచే ఆ జబ్బును నయం చేసే పదార్థాన్ని వేరుచేశారు. సంప్రదాయ భోజనం దానంతటదే రక్షణ కవచమని చెప్పేవారు ఈ అధ్యాయాన్ని దాటవేయడం నాకు సమ్మతం కాదు.

మాంసం వచ్చిన దారి

675లో తెమ్ము చక్రవర్తి పశువులు, గుర్రాలు, కుక్కలు, కోతులు, కోళ్ల మాంసాన్ని సాగు నెలల్లో నిషేధిస్తూ శాసనం చేశాడు. బౌద్ధ ప్రభావం తోడై, తరువాతి పన్నెండు వందల ఏళ్లలో పెంపుడు జంతువుల మాంసం తినరానిదనే భావన పాతుకుపోయింది. అడవిపందిని, జింకను, పక్షులను తినేవారు ఉండేవారు. అనారోగ్యానికి మందు పేరుతో గొడ్డుమాంసం తినే ఏర్పాటూ ఉండేది. కాబట్టి అది సంపూర్ణ శాకాహార సమాజం ఎప్పుడూ కాదు. చేప మీద ఆంక్ష లేదు.

1872 జనవరిలో మెయ్‌జీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నట్టు బహిరంగంగా ప్రకటించారు. పాశ్చాత్యులకు దీటుగా నిలవాలంటే వాళ్లలా బలంగా ఉండాలన్న ఆలోచన ఆ రోజుల్లో బలంగా ఉంది. జనం మాత్రం మాంసాన్ని తమకు అలవాటైన సోయా సాస్, చక్కెర, మిసోలతో కలిపే తిన్నారు. తరువాత వచ్చిన తొంకత్సు (రొట్టెపొడి పట్టించి వేయించిన పంది మాంసం), కొరొక్కె (వేయించిన బంగాళదుంప ముద్ద), ఆమ్లెట్ అన్నం వంటి వాటిని పాశ్చాత్య వంటలనే పిలుస్తారు, కాని ఏ పాశ్చాత్యుడూ వాటిని తనవిగా గుర్తుపట్టడు. అవన్నీ అన్నంతో తినడానికి మలచుకున్నవే.

కర్రీ రైస్ దీనికి మంచి ఉదాహరణ. అది భారతదేశం నుంచి నేరుగా రాలేదు. బ్రిటిష్ వారి కర్రీ పౌడరుగా, పిండి వేసి చిక్కబరచిన ఇగురుగా వచ్చి, నౌకాదళ భోజనం ద్వారా వ్యాపించింది. భారతీయ రుచి 1927లో ప్రవేశించింది. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద జరిగిన బాంబు దాడి తరువాత బ్రిటిష్ ప్రభుత్వం వెతుకుతున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరుకుని, టోక్యోలోని షింజుకులో నకమురాయా అనే రొట్టెల దుకాణం నడిపే కుటుంబం దగ్గర తలదాచుకుని, ఆ ఇంటి అమ్మాయినే పెళ్లాడారు. ఎముకతో ఉన్న కోడి ముక్కలు, మసాలా దినుసులతో ఆయన నేర్పిన కర్రీ ఆ దుకాణంలో నేటికీ అమ్ముతున్నారు. ఇంటింటా వండేది మాత్రం బ్రిటిష్ దారిన వచ్చిన ఇగురునే.

గోధుమ: ఒత్తిడా, ఇష్టమా?

రెండో ప్రపంచ యుద్ధం తరువాతి ఆకలి రోజుల్లో బడి పిల్లలకు సహాయంగా వచ్చిన ఆహారంతో మధ్యాహ్న భోజనం మళ్లీ మొదలైంది. 1954లో దానికి చట్టం వచ్చింది. రొట్టె, పాలపొడి కలిపిన పాలు, ఒక కూర, ఇదే ఒక తరం పిల్లల భోజనం. అదే 1954లో అమెరికా తన మిగులు పంటను విదేశాలకు సులభ షరతులపై పంపే చట్టం చేసింది. 1956 నుంచి అమెరికా గోధుమ రైతు సంఘాల నిధులతో వంట బస్సులు ఊరూరా తిరిగి, గోధుమపిండీ నూనే వాడే వంటలు చేసి చూపించాయి.

దీన్ని చూసి జపనీయుల నాలుకను అమెరికా పథకం ప్రకారం మార్చేసిందని ఒక వర్గం వాదిస్తుంది. బడిలో తిన్న రుచి జీవితాంతం ఉంటుందనీ, 1976 దాకా బడి భోజనంలో అన్నానికి అధికారికంగా చోటే లేదనీ వారు గుర్తుచేస్తారు. రెండో వర్గం వాదన వేరు. ఆదాయం పెరిగిన ఏ దేశంలోనైనా ధాన్యం తగ్గి మాంసం, నూనె, పాలు పెరుగుతాయి. పట్టణాల్లో ఉద్యోగాలకు పరుగెత్తే కుటుంబాలకు రొట్టె సులువు. వంట బస్సుల్ని ఆహ్వానించింది కూడా పోషకాహార లోపంతో పోరాడుతున్న జపాన్ ప్రభుత్వమే.

నాకు రెండో వాదన ఎక్కువ విషయాలను వివరిస్తుందనిపిస్తుంది. అమెరికా ఒత్తిడే నిర్ణాయకమైతే 1950లలోనే బియ్యం తగ్గాలి; కాని 1962 దాకా పెరుగుతూనే వచ్చింది. అయినా మొదటి వాదనను కొట్టిపారేయలేం. గోధుమ చవకగా, ధారాళంగా దొరకడానికి ఆ పథకాలే కారణం. ఆ గోధుమ ఏ రూపం తీసుకుంటుందో మాత్రం జనమే తేల్చుకున్నారు. రొట్టెలు తినమని ప్రభుత్వం చెబుతుంటే, తూర్పు దేశాలవారికి నూడుల్స్ ఉండగా రొట్టె ఎందుకని తర్కించిన మొమొఫుకు ఆందో 1958లో వేడినీళ్లు పోస్తే తయారయ్యే చికెన్ రామెన్‌ను, 1971లో కప్ నూడుల్‌ను మార్కెట్లోకి తెచ్చారు. అదే 1971లో టోక్యోలోని గింజాలో మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణం తెరుచుకుంది.

1975 ప్రాంతపు పళ్లెం ఎందుకు ప్రత్యేకం

1960లో జపనీయులకు అందే శక్తిలో కొవ్వు వాటా సుమారు 10 శాతం మాత్రమే. మిగిలినదానిలో పెద్ద భాగం అన్నానిదే. ఇటీవలి సర్వేల్లో అది 28 శాతం దాటింది. ఈ రెండు కొనల మధ్య 1970ల చివర, 1980 ప్రాంతంలో ఒక నడిమి దశ వచ్చింది. అన్నం, మిసో పులుసు, చేప, సోయా, కూరగాయలు ఉంటూనే, గుడ్లు, పాలు, పండ్లు, కాస్త మాంసం, కాస్త నూనె వచ్చి చేరాయి. మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థాల నిష్పత్తి ఆ కాలంలో ఆదర్శానికి దగ్గరగా వచ్చిందని గుర్తించిన ప్రభుత్వం, దానికి జపాన్ తరహా ఆహార జీవనం అని పేరుపెట్టి 1980 నుంచి ప్రోత్సహించింది.

తొహొకు విశ్వవిద్యాలయంలో త్సుయోషి త్సుజుకి బృందం 1960, 1975, 1990, 2005 నాటి భోజనాలను తయారుచేసి, పొడిగా మార్చి ఎలుకలకు పెట్టి చూసింది. ఒంట్లో కొవ్వు తక్కువ చేరడంలోనూ, ఇతర ఆరోగ్య సూచికల్లోనూ 1975 నాటి భోజనమే మేలైనదిగా తేలింది. అన్నిటికంటే పాతదైన 1960 భోజనం కాదు. ఎలుకల మీది ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అన్వయించకూడదు, నిజమే. అయినా ప్రపంచం మెచ్చుకుంటున్న జపాన్ భోజనం వేల ఏళ్లనాటిది కాదనీ, ఒక తరం పాటు మాత్రమే నిలిచిన మిశ్రమమనీ చెప్పడానికి ఇది ఒక ఆధారం.

ఆయుష్షులో తిండి వాటా

1947లో జపాన్‌లో సగటు ఆయుర్దాయం మగవారికి 50 ఏళ్లు, ఆడవారికి 54. 2023లో వరుసగా 81, 87. సంప్రదాయ భోజనం బలంగా ఉన్న రోజుల్లో ఆయుర్దాయం తక్కువగా ఉండి, అది మారుతున్నప్పుడు పెరిగింది. క్షయ లాంటి అంటువ్యాధులు తగ్గడం, 1961లో అందరికీ ఆరోగ్య బీమా రావడం, పరిశుభ్రత, ఆదాయం ఇందులో పెద్ద పాత్ర వహించాయి. అయితే మిగతా సంపన్న దేశాల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. జపాన్‌లో గుండెపోటు మరణాలు మాత్రం వాటికంటే బాగా తక్కువ. ఆ తేడా దగ్గరే తిండి ప్రస్తావన న్యాయంగా వస్తుంది.

దీనికి మంచి పరీక్ష 1960లలో మొదలైన ఒక అధ్యయనం. ఒకే జాతి మూలాలున్న మగవారిని మూడు చోట్ల పోల్చారు: జపాన్‌లో ఉన్నవారు, హవాయికి వలసపోయినవారు, కాలిఫోర్నియాకు వలసపోయినవారు. గుండెజబ్బు జపాన్‌లో అతి తక్కువ, హవాయిలో మధ్యస్థం, కాలిఫోర్నియాలో ఎక్కువ. జన్యువులు కావు, జీవన విధానమే కారణమని దీనితో తేలింది. మెదడు పోటు మాత్రం జపాన్‌లో ఉన్నవారికే ఎక్కువ. తరువాత 1976లో పరిశోధకులు మైకేల్ మార్మట్, లెనార్డ్ సైమ్ ఇంకో విశేషం చూపించారు: కాలిఫోర్నియాలో ఉన్నా జపనీయ సంఘ జీవనాన్ని అంటిపెట్టుకున్నవారికి గుండెజబ్బు తక్కువగా ఉంది, ఆ తేడాను తిండి ఒక్కటే వివరించలేకపోయింది. 2016లో దాదాపు 80 వేల మందిని పరిశీలించిన మరో అధ్యయనంలో, ప్రభుత్వ ఆహార మార్గదర్శకాన్ని ఎక్కువగా పాటించినవారిలో మరణాలు తక్కువగా పాటించినవారి కంటే 15 శాతం తక్కువగా కనిపించాయి. ఆ మార్గదర్శకంలో పాలకూ పండ్లకూ స్థానం ఉంది. అదీ నడిమి దశ పళ్లేనికి దగ్గరిదే.

మెదడు పోటుకు ప్రధాన కారణం ఉప్పు. 1951 నుంచి 1980 దాకా జపాన్‌లో మరణాలకు మొదటి కారణం మెదడు పోటే. ఒక పాతకాలపు రోజును లెక్కవేద్దాం. మిసో పులుసు గిన్నెకు ఒకటిన్నర గ్రాముల ఉప్పు, మూడు పూటలా తాగితే నాలుగున్నర. ఉప్పులో ఊరబెట్టిన ఉమెబోషి పండు ఒకటి, రెండు గ్రాములు. ఉప్పు పట్టించిన చేప, ఊరబెట్టిన కూరగాయలు, సోయా సాస్ కలిపితే మరో ఐదారు. సులభంగా పన్నెండు గ్రాముల దాకా చేరుతుంది. చలికాలమంతా ఊరబెట్టిన తిండి మీదే గడిపే ఈశాన్య ప్రాంతాల్లో ఇంతకు రెట్టింపు తినేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన రోజుకు 5 గ్రాముల లోపు. ఇళ్లలోకి ఫ్రిజ్ వచ్చాక నిల్వకు ఉప్పు అవసరం తగ్గింది, మెదడు పోటుతో పాటు జీర్ణాశయ క్యాన్సర్ మరణాలూ తగ్గుతూ వచ్చాయి. పర్వతాల నడుమ ఉన్న నగానో రాష్ట్రంలో ఆరోగ్య స్వచ్ఛంద సేవకులు ఇంటింటికీ వెళ్లి మిసో పులుసులో ఉప్పు కొలిచి, గిన్నెలు తగ్గించి కూరగాయలు పెంచమని ఒప్పించారు. ఒకప్పుడు మెదడు పోటుకు పేరుమోసిన ఆ రాష్ట్రం 2010 లెక్కల్లో మగ, ఆడ ఆయుర్దాయాలు రెంటిలోనూ దేశంలో మొదటి స్థానం పొందింది. 2019 జాతీయ సర్వేలో కూడా దేశ సగటు ఉప్పు రోజుకు 10.1 గ్రాములు ఉంది.

ఒకినావా పాఠం ఒకటి కాదు

దీర్ఘాయువు కథల్లో తప్పకుండా వచ్చే ఒకినావా దీవుల భోజనం జపాన్ ప్రధాన భూభాగపు భోజనం కాదు. వరికి అంతగా అనువుకాని ఆ నేల మీద 1949 నాటికి కూడా మూడింట రెండు వంతుల కేలరీలు చిలగడదుంప నుంచే వచ్చేవి. దానితో కాకర, టోఫూ, నాచు. పండగలకు పంది మాంసం. ఉప్పు వాడకం ప్రధాన భూభాగం కంటే తక్కువ.

1945 నుంచి 1972 దాకా ఒకినావా అమెరికా పాలనలో ఉంది. డబ్బా మాంసం ఇంటి వంటలో కలిసిపోయింది. 1963లోనే, టోక్యోకు ఎనిమిదేళ్లు ముందుగా, అమెరికా ఫాస్ట్‌ఫుడ్ దుకాణం వచ్చింది. కార్లు పెరిగి నడక తగ్గింది. 1985లో మగవారి ఆయుర్దాయంలో 47 రాష్ట్రాల్లో మొదటి స్థానంలో ఉన్న ఒకినావా, 2000 లెక్కల్లో 26వ స్థానానికి, 2020లో 43వ స్థానానికి పడిపోయింది. అక్కడ ఆయుష్షు తగ్గలేదు, మిగతా రాష్ట్రాలంత వేగంగా పెరగలేదు. మధ్యవయసు మగవారిలో మరణాలు ఎక్కువ కావడమే ప్రధాన కారణం. తిండితో పాటు మద్యం, తక్కువ ఆదాయాలు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి నెపమంతా బర్గర్ మీద వేయడం సరికాదు. కానీ పాత భోజనంతో ముసలివారైన తరం, కొత్త భోజనంతో పెరిగిన తరం ఒకే ఊళ్లో పక్కపక్కన కనిపించడం అరుదైన సాక్ష్యం.

ఇవాళ్టి తిండి

2011 నాటి గృహ వ్యయ సర్వేలో కుటుంబాలు బియ్యం కంటే రొట్టె మీద ఎక్కువ ఖర్చు పెట్టినట్టు మొదటిసారి తేలింది. తలసరి మాంసం చేపను దాటింది కూడా ఆ రోజుల్లోనే. 2001లో తలకు 40 కిలోలున్న చేప ఇప్పుడు 22 కిలోల దరిదాపుల్లో ఉంది. ముళ్లు, వాసన, శుభ్రం చేసే పని, పెరిగిన ధర, చిన్న అపార్టుమెంట్లలో చేప కాల్చే పొగ, ఇవన్నీ మాంసాన్ని సులభం చేశాయి. ఆసక్తికరంగా, పడిపోయింది ఇంట్లో చేప వండటమే. సుషీ దుకాణాల ముందు వరుసలు తగ్గలేదు.

మార్పుకు అసలు మూలం రుచి కంటే సమయం అని నేననుకుంటాను. 2020 జనగణనలో 38 శాతం ఇళ్లలో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కరి కోసం మూడు వంటకాలు ఎవరు చేస్తారు? 1974లో టోక్యోలో మొదటి సెవెన్-ఇలెవెన్ తెరిచాక, నేడు దేశంలో అలాంటి కన్వీనియన్స్ స్టోర్లు 55 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అమ్మే ఒనిగిరిని చూస్తే ఆధునికత పాత తిండికి ఏం చేసిందో అర్థమవుతుంది. త్రికోణపు అన్నం ముద్దకూ నాచు రేకుకూ మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒకటో అంకె దగ్గర లాగితే కవరు నిలువునా చీలుతుంది, రెండు, మూడు అంకెల మూలలు లాగితే లోపలి పొర జారిపోయి, కరకరలాడే నాచు అన్నాన్ని అంటుకుంటుంది. తిండి పాతదే, వండేది మాత్రం ఇల్లు కాదు, ఫ్యాక్టరీ.

దీన్ని క్షీణతగా చూసేవారు కుటుంబమంతా కలిసి తినే పూట పోవడాన్నీ, పిల్లలు ఒంటరిగా తినడాన్నీ ప్రస్తావిస్తారు. 2005లో ఆహార విద్యకు ప్రత్యేక చట్టం వచ్చింది ఆ ఆందోళనతోనే. బడుల్లో ఇప్పుడు వారానికి సగటున మూడుసార్లకు పైగా అన్నమే పెడుతున్నారు. మరోవైపు నుంచి చూసేవారు, ఒక పులుసు మూడు వంటకాల ఆదర్శం ఇంట్లో రోజంతా వంటకే కేటాయించిన స్త్రీ శ్రమ మీద నిలబడిందనీ, అది పోయినందుకు విచారించేవారు ఆ శ్రమ ఎవరిదో చెప్పాలనీ అంటారు. ఈ మాటకు సరైన జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు.

కొత్త తిండి వల్ల అందరూ లావెక్కుతున్నారన్న ఊహ కూడా పూర్తిగా నిజం కాదు. 2008 నుంచి 40–74 ఏళ్లవారికి నడుము కొలిచే పరీక్ష దేశవ్యాప్తంగా జరుగుతోంది. మగవారికి 85, ఆడవారికి 90 సెంటీమీటర్లు హద్దు. లావు సమస్య ప్రధానంగా మధ్యవయసు మగవారిది. సగటు మనిషి తినే కేలరీలు మాత్రం 1970లలో ఉన్న సుమారు 2,200 నుంచి 2019లో 1,900కు తగ్గాయి. వయసు మళ్లినవారు తేలికపాటి అన్నం, పులుసుతో సరిపెట్టుకుని కండ కోల్పోతున్నారని గమనించి, 2020 పోషకాహార ప్రమాణాల్లో 65 దాటినవారికి తిండి నుంచి అందే శక్తిలో మాంసకృత్తుల కనీస వాటాను 15 శాతానికి పెంచారు. 2019 సర్వేలో ఇరవైల్లో ఉన్న ఆడవారిలో 20.7 శాతం ఉండవలసిన దానికంటే తక్కువ బరువుతో ఉన్నారు. పుట్టే పిల్లల్లో ప్రతి పదకొండు మందిలో సుమారు ఒకరు రెండున్నర కిలోలకు తక్కువ తూగుతున్నారు. మిగతా సంపన్న దేశాలతో పోలిస్తే ఇది ఎక్కువ. అందుకే, దశాబ్దాలుగా గర్భిణులను బరువు పెరగనివ్వకుండా అదుపు చేస్తూ వచ్చిన దేశం 2021లో సూచనలను మార్చింది: సన్నగా ఉన్న గర్భిణి 9 నుంచి 12 కిలోలు పెరిగితే చాలన్న పాత హద్దు స్థానంలో 12 నుంచి 15 కిలోలు పెరగాలని ఇప్పుడు చెబుతున్నారు.